డ్రాఫ్ట్‌కి ముందే కాలేజీ క్వార్టర్‌బ్యాక్‌ని మీ కళ్ళతో మీరే అంచనా వేయడం ఎలా

2021 మార్చి ఆఖరి వారంలో శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్టు డ్రాఫ్ట్‌లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే చోట, మూడో స్థానం కోసం పెద్ద బేరం చేసింది. తన 12వ పిక్‌తో (ఎంచుకునే వంతుతో) పాటు తర్వాతి రెండేళ్ళ మొదటి రౌండ్ పిక్‌లు, పైన ఇంకో మూడో రౌండ్ పిక్ మయామీ డాల్ఫిన్స్‌కి ఇచ్చేసింది. పాసులు వేస్తూ ఆటని నడిపించే క్వార్టర్‌బ్యాక్ కోసమే అని అందరికీ తెలుసు, ఎవరి కోసమో తెలియదు. డాలస్‌లో మా తెలుగు ఫుట్‌బాల్ బ్యాచ్‌కి ఆ నెలంతా అదే గొడవ. మ్యాక్ జోన్స్ అని ఒకడు, జస్టిన్ ఫీల్డ్స్ అని ఇంకొకడు, ట్రే లాన్స్ అని నేను. గొంతు చించుకుని వాదించాను. మాలో పెద్దాయన ఒకరున్నారు, అందరం అన్నా అనే పిలుస్తాం. ఆయన ఒక్క ప్రశ్న వేశారు. "తమ్ముడూ, లాన్స్ ఆడిన మ్యాచ్ ఒక్కటైనా మొదటి నుంచి చివరిదాకా చూశావా?"

చూడలేదు. ఆరు నిమిషాల హైలైట్స్ వీడియో చూశాను. అందులో వేసిన పాసులన్నీ అందినవే, పరుగులన్నీ టచ్‌డౌన్లే. నార్త్ డకోటా స్టేట్‌లో అతను స్టార్ట్ చేసినవి మొత్తం 17 మ్యాచ్‌లని, వేసినవి 318 పాసులేనని, కోవిడ్ వల్ల 2020లో ఒకే ఒక్క మ్యాచ్ ఆడాడని నాకు తర్వాత తెలిసింది. ఫార్టీనైనర్స్ అతన్నే తీసుకుంది. 2022లో రెండో మ్యాచ్‌లోనే చీలమండ విరిగింది, అది అతని తప్పు కాదు. 2023 ఆగస్టులో ఒక నాలుగో రౌండ్ పిక్‌కి మా డాలస్ కౌబాయ్స్‌కే పంపేశారు. అప్పటికి ఆ జట్టుని నడిపిస్తున్నది బ్రాక్ పర్డీ. అయోవా స్టేట్‌లో నాలుగేళ్ళు ఆడి, 2022 డ్రాఫ్ట్‌లో చిట్టచివరి 262వ పిక్‌గా వచ్చినవాడు.

ఆ ఏడాది నుంచి నేను పద్ధతి మార్చుకున్నాను. ఒక కుర్రాడి గురించి మాట్లాడాలంటే అతని మ్యాచ్‌లు పూర్తిగా, ఆడిన వరుసలోనే చూస్తాను. నా అభిప్రాయాన్ని ఫలితం తెలియకముందే కాగితం మీద పెడతాను. మీరూ ఇలా చేయాలనుకుంటే ఏం చూడాలో, ఎలా రాసుకోవాలో కింద చెబుతున్నాను. ఫస్ట్ డౌన్ (పది యార్డులు దాటడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో, అంటే డౌన్లలో, మొదటిది) అంటే ఏమిటో, శాక్ (పాస్ వేయకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) అంటే ఏమిటో తెలిస్తే చాలు.

ముందుగా క్యాలెండర్

డ్రాఫ్ట్‌లో 7 రౌండ్లు, 32 జట్లు. కిందటి సీజన్లో అందరికంటే చివర ఉన్న జట్టుకి మొదటి పిక్. హైస్కూల్ వదిలి మూడేళ్ళు నిండినవాళ్ళే అర్హులు. ఆగస్టు చివర మొదలైన కాలేజీ సీజన్ జనవరిలో ముగుస్తుంది. ఆ వెంటనే అలబామాలోని మొబీల్ ఊళ్ళో డ్రాఫ్ట్‌కి వెళ్ళేవాళ్ళ ప్రదర్శన మ్యాచ్ సీనియర్ బౌల్, ఫిబ్రవరి చివర్లో ఇండియానాపొలిస్‌లో కొలతల పండగ కంబైన్, మార్చిలో కాలేజీలే తమ ఆటగాళ్ళని జట్లకి చూపించే ప్రో డేలు, ఏప్రిల్ చివర్లో ఒక గురువారం రాత్రి మొదటి రౌండ్. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్ళకి అది శుక్రవారం తెల్లవారుజామున ఐదున్నరకి మొదలవుతుంది.

అసలు సరుకంతా సెప్టెంబర్ నుంచి డిసెంబర్ మధ్యే ఉంటుంది. జనవరి తర్వాత వచ్చేది ఎక్కువగా మాటలే. అందుకే మీ నోట్‌బుక్ శరదృతువులోనే తెరవండి. కాలేజీ మ్యాచ్‌లు శనివారాలు. అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం 12కి మొదలయ్యే మ్యాచ్ సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఇండియాలో శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి వస్తుంది. అక్కడున్నవాళ్ళు కూడా హాయిగా చూడొచ్చు.

నాలుగు మ్యాచ్‌లు ఎంచుకోండి

ఒక కుర్రాడికి నాలుగు మ్యాచ్‌లు. ఆ సీజన్లో అతను ఎదుర్కొన్న అన్నిటికంటే బలమైన డిఫెన్స్‌తో ఆడినది ఒకటి. ఓడిపోయినది ఒకటి. ప్రత్యర్థి ఊళ్ళో, నిండిన స్టేడియంలో రాత్రి పూట ఆడినది ఒకటి. అంతకు ముందు ఏడాదిది ఒకటి. నాలుగోదాన్ని చాలామంది వదిలేస్తారు, కానీ కుర్రాడు ఏడాదిలో ఏం నేర్చుకున్నాడో చెప్పేది అదే.

ఓడిన మ్యాచ్ ఎందుకంటే, గెలుపులో కనబడని సంగతులు అందులో బయటపడతాయి. 2020లో జాక్ విల్సన్ బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీకి ఆడాడు. కోవిడ్ వల్ల పెద్ద జట్లతో ఉన్న మ్యాచ్‌లు రద్దయ్యాయి, షెడ్యూల్ పలచబడింది. 12 మ్యాచ్‌ల్లో 11 గెలిచారు. ఆ ఓడిన ఒక్కటీ డిసెంబర్‌లో కోస్టల్ కరోలినా మీద, 22-17 తేడాతో. విల్సన్ గురించి తెలుసుకోవాలంటే ముందు చూడాల్సింది అదే. కానీ 2021 మార్చిలో అందరి ఫోన్లలో తిరిగింది వేరే వీడియో. ప్రో డేలో అడ్డంగా పరిగెడుతూ ఒంటిని మెలితిప్పి మైదానం అవతలికి విసిరిన ఒక పొడవాటి పాస్. ఎదురుగా డిఫెండర్ ఒక్కడూ లేడు. న్యూయార్క్ జెట్స్ రెండో పిక్‌గా తీసుకుంది, మూడు సీజన్ల తర్వాత డెన్వర్‌కి పంపేసింది.

ప్రో డేలో ఏ పాస్ ఎవరికి వేయాలో ముందే రాసుకుని, వారాల తరబడి ప్రాక్టీస్ చేసి వస్తారు. అక్కడ చేతి బలం ఒకటే తెలుస్తుంది. దానికి మీ నోట్‌బుక్‌లో ఒక్క లైను చాలు.

సీజన్ మొదలవక ముందు వచ్చే పొగడ్తలకి ఆ ఒక్క లైను కూడా వద్దు. 2025 వేసవిలో టెక్సస్‌లో ఎక్కడికి వెళ్ళినా ఆర్చ్ మ్యానింగ్ పేరే. తర్వాతి డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ అతనే అని తేల్చేసినవాళ్ళు ఎంతమందో. అప్పటికి అతను స్టార్ట్ చేసినవి రెండే మ్యాచ్‌లు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆగస్టు 30న ఒహాయో స్టేట్ మీద మొదటి మ్యాచ్ 14-7తో ఓడిపోయారు. ఇక్కడ కుర్రాణ్ణి అనడానికి ఏమీ లేదు, అతను ఎవరికీ మాట ఇవ్వలేదు. చూడకుండా తేల్చేసిన మనదే పొరపాటు.

ఒక్కో పాస్‌కి ఒక్కో లైను

ఎక్కువ కష్టం ఇక్కడే, ఎక్కువ ఆనందం కూడా. రికార్డు చేసిన మ్యాచ్ పెట్టుకోండి. పక్కన నోట్‌బుక్, చేతిలో ఫోన్ స్టాప్‌వాచ్. అతను పాస్ వేయడానికి వెనక్కి జరిగిన ప్రతిసారీ ఒక లైను రాయండి. ఎన్నో డౌన్, ఎన్ని యార్డులు కావాలి, స్నాప్ (బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టే క్షణం) నుంచి బంతి చెయ్యి వదిలేదాకా ఎన్ని సెకన్లు, గాలిలో ఎంత దూరం, ఎటు వైపు, ప్రెషర్ ఉందా (డిఫెండర్ మీదికి వచ్చేశాడా) లేదా, ఏమైంది. మొదటి మ్యాచ్‌కి నాలుగు గంటలు పడుతుంది. మూడో మ్యాచ్‌కి వచ్చేసరికి చెయ్యి అలవాటు పడుతుంది.

"ఏమైంది" అన్న గడిలో పాస్ అందిందా లేదా అని మాత్రమే రాయకండి. బంతి ఎక్కడ పడింది అన్నది రాయండి. పరిగెడుతున్న రిసీవర్ ఛాతీ ముందుకి వచ్చి, అతను వేగం తగ్గించకుండా అందుకుంటే అది మంచి పాస్. వెనక్కి తిరిగి, ఆగి, వంగి పట్టుకుంటే లెక్కల్లో అదీ పూర్తయిన పాసే, కానీ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ అర క్షణంలో డిఫెండర్ వచ్చి పడతాడు. అలాగే చక్కగా వేసిన పాస్ రిసీవర్ చేతుల్లోంచి జారిపోతే కుర్రాడి మార్కు తగ్గించకూడదు.

దూరం, దిక్కు రాసేటప్పుడు కాలేజీ మైదానానికి, ఎన్‌ఎఫ్‌ఎల్ మైదానానికి ఉన్న ఒక తేడా గుర్తుంచుకోండి. రెండింటి వెడల్పూ 160 అడుగులే. కానీ ఆట ఎక్కడ నుంచి మొదలవ్వాలో చెప్పే హ్యాష్ గీతలు వేరు. కాలేజీలో రెండు హ్యాష్‌ల మధ్య 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. అంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బంతి ఎప్పుడూ దాదాపు మధ్యలోనే ఉంటుంది. కాలేజీలో బంతి ఎడమ హ్యాష్ మీద ఉంటే కుడి గీత 100 అడుగుల దూరంలో ఉంటుంది. అక్కడి నుంచి అవతలి గీత పక్కన 12 యార్డుల దగ్గర నిలబడ్డ రిసీవర్‌కి వేయాలంటే, క్వార్టర్‌బ్యాక్ ఏడు యార్డులు వెనక్కి నిలబడ్డాడు కాబట్టి, బంతి గాలిలో సుమారు 38 యార్డులు ప్రయాణం చేయాలి. స్కోరు బోర్డు మీద అది 12 యార్డుల పాసే. చేతి బలం చూడాలంటే 60 యార్డుల బాంబులు చూడకండి, ఈ పాస్ చూడండి. బంతి గాలిలో తేలిపోతోందా, గీసిన గీతలా వెళ్తోందా? నాలుగు మ్యాచ్‌ల్లో ఇవి ఐదారు కంటే ఎక్కువ దొరకవు. దొరికినప్పుడు పక్కన చుక్క పెట్టుకోండి.

ఇంకో తేడా లైన్‌మెన్ గురించి, అంటే క్వార్టర్‌బ్యాక్ ముందు వరుసగా నిలబడి అతన్ని కాపాడేవాళ్ళ గురించి. పాస్ వేసే ఆటలో కాలేజీ లైన్‌మన్ మూడు యార్డులు ముందుకి వెళ్ళొచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క యార్డే. అందుకే కాలేజీలో పరుగా పాసా అన్నది చివరి క్షణందాకా దాచి, ఒకే ఒక్క డిఫెండర్‌ని చూసి నిర్ణయించే ఆటలు ఇన్ని నడుస్తాయి. అవి కుర్రాడికి తేలిక. మీ నోట్‌బుక్‌లో వాటిని, గీత వెనకే విసిరే స్క్రీన్ పాసులని వేరుగా గుర్తు పెట్టండి, తర్వాత పనికొస్తుంది.

స్నాప్‌కి ముందు ఏం జరుగుతోందో కూడా చూడండి. డిఫెన్స్ కదిలినప్పుడు కుర్రాడు తనే చేతులతో లైన్‌ని సర్దుతున్నాడా, లేక జట్టంతా ఒక్కసారిగా తల తిప్పి కోచ్ వైపు చూస్తోందా? రెండోది తప్పు కాదు, చాలా కాలేజీల పద్ధతే అది. కానీ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ప్లే క్లాక్ (తర్వాతి ఆట మొదలుపెట్టాల్సిన గడువు చూపే గడియారం) మీద 15 సెకన్లు ఉండగానే హెల్మెట్‌లో కోచ్ గొంతు ఆగిపోతుంది. ఆ తర్వాత అతనొక్కడే. కాలేజీలోనే ఆ పని చేసినవాడికి అది కొత్త కాదు.

మీదికి మనిషి వచ్చినప్పుడు

మీకు టైం తక్కువగా ఉండి ఒక్కటే చూడగలిగితే ఇది చూడండి. రంజీల్లో సెంచరీలు కొట్టినవాళ్ళందరూ టెస్టుల్లో 140 వేగంతో మీదికొచ్చే బంతికి నిలబడలేరు. ఇక్కడా అంతే. మంచి కాలేజీ జట్టులో క్వార్టర్‌బ్యాక్ మ్యాచ్ మొత్తంలో ఎక్కువ భాగం ఎవరూ తాకకుండానే ఆడేస్తాడు. ఆ పాసులన్నీ పక్కన పెట్టి, ప్రెషర్ అని రాసుకున్న లైన్లు మాత్రమే తీసి మళ్ళీ చూడండి.

ముందు కళ్ళు. డిఫెండర్ దగ్గరికి రాగానే హెల్మెట్ కిందికి వాలి ఆ మనిషి వైపు తిరిగిందా, లేక మైదానం అవతలే ఉందా? ఆ తర్వాత కాళ్ళు. భయపడినవాడు వెనక్కి వెళ్తాడు, లేదా వెంటనే పక్కకి పారిపోతాడు. అలవాటు ఉన్నవాడు అరడుగు ముందుకి, పాకెట్ (లైన్‌మెన్ చుట్టూ నిలబడి కాపాడే చోటు) లోపలికే జరుగుతాడు. టామ్ బ్రేడీ 40 యార్డులు పరిగెత్తడానికి 5.28 సెకన్లు తీసుకున్నాడు. 2000 డ్రాఫ్ట్‌లో అతని కంటే ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్ళిపోయారు, 199వ పిక్‌గా వచ్చి ఏడు సూపర్ బౌల్స్ గెలిచాడు. అతని కదలిక అంతా పాకెట్‌లో ఆ అరడుగే. స్టాప్‌వాచ్ దాన్ని కొలవలేదు, మీ కళ్ళు కొలవగలవు.

ఆఖరున లెక్క. ప్రెషర్ వచ్చిన ప్రతి పదిసార్లలో ఎన్నిసార్లు శాక్ అయ్యాడు? రెండు, అంతకంటే తక్కువ అయితే నాకు ధైర్యం. మూడు చేరితే భయం. శాక్ అంటే లైన్ తప్పు అని మనం అనుకుంటాం. సగం నిజమే. మిగతా సగం క్వార్టర్‌బ్యాక్ బంతిని ఎంతసేపు పట్టుకున్నాడు అన్నదే. 1998లో పేటన్ మ్యానింగ్ మొదటి సీజన్‌లో 28 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి పట్టేసుకున్న పాసులు) ఇచ్చాడు. ఆ సంఖ్య చూసి కంగారు పడినవాళ్ళు పక్క గడి చూడలేదు. 575 పాసులు వేసినా అతను శాక్ అయింది 22 సార్లే. తప్పు పాస్ వేయడం సరిదిద్దుకోవచ్చు, సరిదిద్దుకున్నాడు. బంతిని పట్టుకుని ఆగిపోయే అలవాటు వదలడం దానికంటే కష్టం. ఒహాయో స్టేట్‌లో జస్టిన్ ఫీల్డ్స్ చూడముచ్చటైన ఆటగాడు, ఇప్పటికీ నాకు ఇష్టం. కానీ పెద్ద ఆట కోసం బంతి వదలకుండా ఆగడం అక్కడే కనిపించేది. 2022లో షికాగోలో 1,143 యార్డులు పరిగెత్తాడు, 318 పాసులకే 55 శాక్‌లు కూడా అయ్యాడు.

ప్రెషర్‌లో ఇంటర్‌సెప్షన్ ఇస్తే ఎందుకిచ్చాడో రాయండి. విసిరేటప్పుడు చెయ్యి తగిలిందా, డిఫెండర్ కనబడలేదా, లేక కనబడినా నమ్మకంతో వేశాడా? మూడోదాన్ని నేను పెద్దగా పట్టించుకోను. రెండోది ఒకే మ్యాచ్‌లో రెండుసార్లు జరిగితే దాని కింద గీత గీస్తాను.

అంకెలు ఇప్పుడు తెరవండి, ముందు కాదు

సినిమా చూడకముందే రివ్యూ చదివితే అదే కళ్ళతో చూస్తాం. మీ నోట్‌బుక్ నిండాకే గణాంకాలు తెరవండి.

పాస్ పూర్తి శాతం అందరూ చెప్పేది. దాన్ని అలాగే తీసుకోవద్దు. 2020లో అలబామాలో మ్యాక్ జోన్స్, 2023లో ఒరెగాన్‌లో బో నిక్స్, ఇద్దరూ 77 శాతం దాటారు. జోన్స్ చుట్టూ డెవాంటా స్మిత్, జేలెన్ వాడిల్, నజీ హ్యారిస్ ఉన్నారు, అతను పూర్తి సీజన్ స్టార్టర్‌గా ఆడింది ఆ ఒక్కసారే. నిక్స్ ఆబర్న్‌లో, ఒరెగాన్‌లో కలిపి 61 మ్యాచ్‌లు స్టార్ట్ చేశాడు, అతనివి ఎక్కువ చిన్న పాసులే. జోన్స్ న్యూ ఇంగ్లండ్‌లో మొదటి ఏడాది బాగా ఆడి, తర్వాత జారిపోయి, 2024లో ఒక ఆరో రౌండ్ పిక్‌కి జాక్సన్‌విల్ వెళ్ళాడు. నిక్స్ అదే ఏడాది డెన్వర్‌లో మొదటి సీజన్‌లోనే 29 టచ్‌డౌన్ పాసులు వేసి జట్టుని ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్ళాడు. కాలేజీ శాతం దాదాపు ఒకటే, దారులు వేరు. అందుకే స్క్రీన్‌లు తీసేసి, 10 యార్డులు దాటిన పాసుల శాతం మీరే లెక్కేయండి. మీరు వేరుగా పెట్టిన గుర్తులు ఇక్కడే పనికొస్తాయి.

అన్నీ కలిపి ఒక్క అంకె కావాలంటే ఇలా చేయండి. పాస్ యార్డులకి ఒక్కో టచ్‌డౌన్‌కి 20 కలపండి, ఒక్కో ఇంటర్‌సెప్షన్‌కి 45 తీసేయండి, శాక్‌లలో పోయిన యార్డులు తీసేయండి. వచ్చినదాన్ని పాసులు, శాక్‌లు కలిపిన సంఖ్యతో భాగించండి. ఉదాహరణకి 30 పాసులు, 250 యార్డులు, 2 టచ్‌డౌన్లు, 1 ఇంటర్‌సెప్షన్, 3 శాక్‌లలో 20 యార్డుల నష్టం అనుకుందాం. 250కి 40 కలిపి, 45, 20 తీసేస్తే 225. దాన్ని 33తో భాగిస్తే 6.8.

కాలేజీ లెక్కల్లో ఒక గుంట ఉంది, చూసుకోండి. శాక్‌లో పోయిన యార్డులని అక్కడ క్వార్టర్‌బ్యాక్ పరుగుల్లోంచి తీసేస్తారు. ఆరుసార్లు పరిగెత్తి 50 యార్డులు తెచ్చినవాడు మూడు శాక్‌లలో 24 పోగొట్టుకుంటే, పేపర్లో 9 పరుగులు, 26 యార్డులు అని పడుతుంది. పరిగెత్తలేడు అనుకుంటాం. మీ నోట్‌బుక్ చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

ఒక్క సీజన్ మాత్రమే మెరిసినవాడి సంగతి? దీనికి నా దగ్గర సూత్రం లేదు. జో బరో లూసియానా స్టేట్‌లో 2018లో 57.8 శాతం, 16 టచ్‌డౌన్ పాసులు. 2019లో 76.3 శాతం, 60 టచ్‌డౌన్ పాసులు, 15 మ్యాచ్‌లూ గెలుపే. కొత్త పాసింగ్ కోచ్ జో బ్రేడీ వచ్చాడు, రిసీవర్లుగా జమార్ చేస్, జస్టిన్ జెఫర్సన్ ఉన్నారు. అంకెలు మాత్రమే చూస్తే అదృష్టం అనొచ్చు. మ్యాచ్‌లు చూస్తే పాకెట్‌లో అతని కాళ్ళు, ఇరుకులోకి వేసిన పాసులు కనిపిస్తాయి, అవి రిసీవర్లు ఇచ్చినవి కావు. ఎదురు ఉదాహరణ జాష్ అలెన్. వైయోమింగ్‌లో 56 శాతం. బఫలో అతన్ని 2018లో ఏడో పిక్‌గా తీసుకుంటే, గురి లేనివాడికి గురి రాదని నేనే అన్నాను. మొదటి ఏడాది 52.8, రెండో ఏడాది 58.8, మూడో ఏడాది 69.2. 2024 సీజన్‌కి అతనే ఎంవీపీ (ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడు). అలాంటివాళ్ళు అరుదు, కానీ ఉన్నారు. అందుకే నా అంచనాల్లో ఎప్పుడూ పదికి పది ఉండదు, పదికి సున్నా ఉండదు.

కొలతలు, గబగబా

ఎత్తు, బరువు, అరచెయ్యి. డ్రూ బ్రీస్ ఆరడుగులే, రసెల్ విల్సన్ ఇంకా తక్కువ. బరో అరచెయ్యి తొమ్మిది అంగుళాలని 2020లో ఎంత గొడవ చేశారో. మరీ చిన్నవాడైతే మధ్యలోకి వేసే పాసులు చూడండి, లైన్ మీదుగా అతనికి కనిపిస్తోందో లేదో అక్కడ తెలుస్తుంది. అంతకు మించి ఈ అంకెల మీద సాయంత్రాలు ఖర్చు పెట్టకండి.

ఏ ఇంటికి వెళ్తాడో అదీ రాయండి

2002లో హ్యూస్టన్ టెక్సన్స్ కొత్తగా పుట్టిన జట్టు. మొదటి పిక్‌గా డేవిడ్ కార్‌ని తెచ్చుకుని, ఆ మొదటి సీజన్‌లోనే 76 సార్లు శాక్ చేయించారు. ఆ తర్వాత ఎవరు ఏ కోచింగ్ ఇచ్చినా ఆ కుర్రాడి ఒంట్లో ఆ 76 దెబ్బలూ ఉంటాయి. అటువైపు చూస్తే 2017లో ప్యాట్రిక్ మహోమ్స్‌ని కాన్సస్ సిటీ ఏడాది పాటు అలెక్స్ స్మిత్ వెనక కూర్చోబెట్టింది. 2018లో అతను 50 టచ్‌డౌన్ పాసులు వేశాడు.

2016లో జారెడ్ గాఫ్ మొదటి ఏడాది స్టార్ట్ చేసిన ఏడు మ్యాచ్‌లూ ఓడిపోయాడు. పనైపోయింది అన్నారు. తర్వాతి ఏడాది కోచ్‌గా షాన్ మెక్‌వే వచ్చాడు, అదే గాఫ్ ప్లేఆఫ్స్ ఆడాడు. శామ్ డార్నల్డ్‌ని 2018లో జెట్స్ మూడో పిక్‌గా తీసుకుని వదిలేసింది, కరోలినా వదిలేసింది. 2024లో మిన్నెసోటాలో 14 మ్యాచ్‌లు గెలిపించాడు. కేలబ్ విలియమ్స్ 2024లో షికాగోలో 68 సార్లు శాక్ అయ్యాడు, తర్వాతి ఏడాది కోచ్ బెన్ జాన్సన్ వచ్చాక అవి బాగా తగ్గాయి. ఇవన్నీ చూశాక నేను ప్రతి కుర్రాడికీ రెండు అంకెలు రాస్తున్నాను. మంచి ఇంట పడితే పదికి ఎంత, చెడ్డ ఇంట పడితే పదికి ఎంత. మంచి ఇల్లంటే నాకు మూడే: లైన్ నిలబడేది, కోచ్ ఉద్యోగం కనీసం రెండేళ్ళు గట్టిగా ఉండేది, మొదటి ఆదివారమే అతన్ని దింపాల్సిన అవసరం లేనిది.

వాదించే ముందు రాయండి

ఒక్కో కుర్రాడికి సగం పేజీ. తేదీ వేయండి. మూడేళ్ళలో స్టార్టర్‌గా నిలబడే అవకాశం పదికి ఎంతో ఆ రెండు అంకెలు, ఆ నమ్మకం కలిగించిన రెండు పాసులు, భయపెట్టిన రెండు పాసులు. పాసులకి మ్యాచ్, క్వార్టర్, సమయం రాయండి. "లీడర్‌షిప్ ఉంది", "కళ ఉంది" లాంటి మాటలు కొట్టేయండి. ఏ నిమిషంలో కనిపించిందో చెప్పలేని గుణాన్ని మీరు చూడలేదన్నమాట.

మీ మాటల్ని కూడా ఒకసారి తిరిగి చదవండి. నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌ల గురించి "సహజ ప్రతిభ", "కాళ్ళు వేగం" అనీ, తెల్లజాతి వాళ్ళ గురించి "తెలివి", "కష్టజీవి" అనీ రాయడం ఈ దేశంలో పాత అలవాటు. ఇక్కడికి వచ్చి ఈ ఆట నేర్చుకున్న మనకీ తెలియకుండా అదే భాష అంటుకుంది. దాని ఖరీదు చిన్నది కాదు. 1978లో కాలేజీల పెద్ద మ్యాచ్ రోజ్ బౌల్ గెలిచిన వారెన్ మూన్‌ని డ్రాఫ్ట్‌లో ఒక్క జట్టూ తీసుకోలేదు. కెనడాలో ఎడ్మంటన్‌కి ఆరేళ్ళు ఆడి, అక్కడి లీగ్ కప్పు గ్రే కప్ ఐదుసార్లు గెలిచాక 1984లో హ్యూస్టన్ ఆయిలర్స్ పిలిచింది. 2006లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. 2018లో కూడా లమార్ జాక్సన్‌ని రిసీవర్‌గా మారమన్న పెద్దలున్నారు. మొదటి రౌండ్ చివరి పిక్, 32వదిగా బాల్టిమోర్ తీసుకుంది. మరుసటి ఏడాదే ఒక్క ఓటూ పోకుండా ఎంవీపీ అయ్యాడు. ఒకే రకం పాస్‌కి ఇద్దరికీ ఒకే మాట వాడారా అని చూసుకోండి, లేకపోతే దిద్దండి.

ఇక గ్రూపులో. మా దగ్గర రెండే నియమాలు. నోట్‌బుక్ లేకుండా కుర్రాడి గురించి తీర్పు చెప్పకూడదు, ప్రశ్నలు ఎన్నైనా అడగొచ్చు. ఎవరైనా "మామా, వాడు దండగ" అంటే, ఏ మ్యాచ్, ఏ క్వార్టర్ అని అడుగుతాం. చెప్పగలిగితే అందరం కలిసి ఆ పాస్ టీవీలో పెట్టి చూస్తాం. చాలాసార్లు ఇద్దరికీ ఒకే పాస్‌లో వేర్వేరు సంగతులు కనిపిస్తాయి. నాకు రిసీవర్ దారి తప్పినట్టు అనిపించింది, హైస్కూల్లో ఆడిన మా అన్న కొడుక్కి బంతి ఆలస్యమైనట్టు కనిపించింది. వాడు చెప్పిందే నిజం. ఆ పాస్ గురించి నా లైను కొట్టేసి వాడి లైను రాసుకున్నాను.

రాసిన కాగితాలు డ్రాఫ్ట్‌కి ముందు రోజు, అంటే బుధవారం రాత్రి కవర్లో పెట్టి అంటించండి. ఆ తర్వాత ఒక్క అక్షరం మార్చకండి. తెరవడానికి తేదీ ఎన్‌ఎఫ్‌ఎలే ఇచ్చింది. మొదటి రౌండ్‌లో తీసుకున్న ఆటగాడికి ఐదో ఏడాది ఒప్పందం పొడిగించాలా వద్దా అని మూడు సీజన్లు అయ్యాక మే మొదట్లో జట్టు తేల్చుకోవాలి. వాళ్ళు తేల్చుకున్న రోజే మనమూ కవర్ తెరుస్తాం. అంకె సరిపోయిందా లేదా అని చూసి ఊరుకోకండి. రాసుకున్న ఆ నాలుగు పాసులూ మళ్ళీ పెట్టి చూడండి, అప్పుడు మీకు కనబడనిది ఏదైనా ఇప్పుడు కనిపిస్తోందేమో. 2024లో మొదటి 12 పిక్‌లలో ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్ళారు. ఆ ఆరుగురి కవర్లు మా అన్న ఇంట్లో, బీరువా పై అరలో ఉన్నాయి. 2027 మేలో తెరవాలి.